పాదాల్లో వాపు ఉంటే ఆగకండి

అక్కా, పక్కింటి మిర్చి యార్డు కూలీల 14 నెలల పాపకు జబ్బ చుట్టుకొలత 11 సెంటీమీటర్లే ఉంది, పాదాలు ఉబ్బాయి, బలం పొడి పట్టనా అని అడిగారు. వద్దు. జబ్బ 11.5 సెంటీమీటర్ల కంటే తగ్గితే అది తీవ్ర పోషకాహార లోపమే. రెండు పాదాలనూ బొటనవేలితో 3 సెకన్లు నొక్కండి. గుంట అలాగే నిలిస్తే ఈరోజే గుంటూరు ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. చిక్కిన ఒంటికి ఒక్కసారిగా దండిగా పెడితే ప్రాణం మీదికి వస్తుంది. అక్కడ గంటల లెక్కన కొద్దికొద్దిగా పాలు పడతారు. దారిలో తల్లి ఒంటికి ఆనించి వెచ్చగా ఉంచాలి, తల్లిపాలు మానకూడదు.

కూలి పోతుందన్న తల్లి భయం న్యాయమైనదే. ఇలా చిక్కిపోయిన పిల్లలకు చికిత్స చేసే పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్చుకుంటే తల్లికి భోజనం, కూలి నష్టానికి కొంత భత్యం ఇవ్వాలని మార్గదర్శకాల్లో ఉంది. ఆశా కార్యకర్తను అడగండి. ఇంట్లో మరో బిడ్డ ఉంటే ఆ రోజులు మీరు చూసుకోగలరా?