హాల్లో పసుపు వేయిస్తానంటున్న మా అమ్మాయికి

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. హాలు నాలుగు గోడలకీ ముద్దబంతి పసుపు కొట్టించేద్దామని నువ్వు, కళ్ళు జిగేలుమంటాయని మీ అత్తగారు, మధ్యలో మీ ఆయన టెన్షన్ పడుతున్నాడన్నావు. నన్నడిగితే పసుపు వేయించు తల్లీ. ఉన్న ఒక్క కిటికీ ఉత్తరం వైపు, ఎండ నేరుగా పడదు. అలాంటి గదికి తెలుపు వేస్తే ఇంకా దిగాలుగా ఉంటుంది, పసుపు వేస్తే పొద్దున్నే లేవగానే ప్రాణం లేచొస్తుంది. కాకపోతే నాలుగు గోడలకీ మాత్రం వద్దు.

ఎందుకంటే పసుపు గోడలు ఎదురెదురుగా ఉంటే ఒకదాని రంగు ఇంకోదాని మీద పడుతుంది, షేడ్ కార్డులో అగ్గిపెట్టంత ముక్కలో ముచ్చటేసిన రంగు గదినిండా పరుచుకునేసరికి బాగా గాఢంగా అనిపిస్తుంది, సీలింగూ పచ్చబారుతుంది, మనుషుల మొహాలూ పచ్చబారతాయి. మీ అత్తగారి భయం ఉత్తది కాదు. సోఫా వెనక గోడ ఒక్కదానికి పసుపు, మిగతా మూడింటికీ ఆఫ్ వైట్ చాలు. టీవీ గోడకి అసలొద్దు.

కార్డులో నీకు నచ్చినదానికంటే ఒకటి రెండు మెట్లు లేత షేడ్ తీసుకో. నిమ్మపండు రంగు జోలికి పోకు, దాంట్లో కాస్త ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, మీ ఇంట్లో ఉన్నలాంటి తెల్లటి ఎల్ఈడీ లైట్ల కింద అది మరీ పాలిపోయినట్టు కనిపిస్తుంది. బల్బు పెట్టె మీద 6500 కెల్విన్ అని ఉంటుంది చూడు, అది వెలుగు రంగుకి కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపుగా ఉంటుంది, హాలు వరకు వాటిని తీసి 3000 లేదా 4000 ఉన్నవి పెట్టించు. డబ్బా ఆర్డర్ ఇవ్వకముందే చిన్న శాంపిల్ తెప్పించి, అదే గోడ మీద తెల్ల ప్రైమర్, అంటే రంగుకి ముందు వేసే అడుగు పూత, పూసి, దాని మీద రెండడుగుల చదరం వేయించి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైట్లు వేశాక చూడు. మీ అత్తగారికీ చూపించు, ఆవిడ కూడా ఆ ఇంట్లో ఉండాల్సిన మనిషి.

ఇక అసలు సంగతి. పసుపుకి కింద ఉన్న రంగుని కప్పే శక్తి తక్కువ. మీ గోడకి ఇప్పుడున్నది నీలం, దాని మీద నేరుగా పసుపు వేస్తే ఆకుపచ్చగా తేలుతుంది, ఎన్ని కోట్లు వేసినా మురికిగానే ఉంటుంది. లప్పం పెట్టించి, ఎమరీ పేపర్‌తో రుద్దించి, నీలం ఎక్కడా తొంగి చూడకుండా తెల్ల ప్రైమర్ నిండుగా వేయించాలి. ప్రైమర్ ముందు రాత్రి లైట్లు ఆపేసి, సెల్‌ఫోన్ టార్చ్ గోడకి ఆనించి పక్క నుంచి వెలుగు వేసి చూడు, ఎత్తుపల్లాలన్నీ నీడల్లా లేస్తాయి, వాటి చుట్టూ పెన్సిల్‌తో గీసిపెట్టి పొద్దున మేస్త్రీకి చూపించు. తర్వాత పసుపు మూడు కోట్లు, కోటుకీ కోటుకీ మధ్య నాలుగు గంటలైనా ఆరనివ్వాలి, ముసురు పట్టిన రోజైతే ఇంకా ఎక్కువ. రెండు కోట్లు చాలు మేడమ్ అంటాడు మేస్త్రీ. చాలా రంగులకి అది నిజమే, పసుపుకి కాదు. మూడో కోటుకి కూలి ముందే మాట్లాడుకో, పని మధ్యలో పేచీ ఉండదు.

మీ గోడ 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు అన్నావు, అంటే 120 చదరపు అడుగులు. నున్నటి గోడకి లీటరు ఎమల్షన్, అదే నీళ్ళు కలిపి వేసే గోడ రంగు, ఒక కోటుకి సుమారు అంత వస్తుంది, కాబట్టి మూడు కోట్లకీ నాలుగు లీటర్ల డబ్బా ఒకటి సరిపోతుంది. విడివిడిగా లీటరు డబ్బాలు కొనకు, రంగు కలపడంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా పసుపు పట్టిచ్చేస్తుంది. మెరుపు లేని మ్యాట్ రకమే తీసుకో.

బాత్రూమ్ వైపు మూల చెమ్మ కనిపించింది ఫోటోలో. ముందు అది ప్లంబర్‌కి చూపించు, లోపల నీరు ఆగకుండా రంగు వేస్తే ఉప్పు తేలి పెచ్చులూడతాయి.

ఇంకొక్కటి, ఇది మర్చిపోకు. ఆ పాత తలుపుల మీద పసుపు ఎనామిల్ ఉంది కదా, పూర్వం పసుపు ఎనామిల్స్‌లో సీసం వాడేవాళ్ళు. ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు, దాటకూడదన్న నిబంధన 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది, మీ తలుపులు అంతకంటే పాతవి. పొడిగా గీకనివ్వకు, నీళ్ళ ఎమరీతో తడిపి రుద్దమను, ఆ తడి పొడిని గుడ్డతో తుడిచి కవర్లో కట్టి పారెయ్యి, పని అయ్యేదాకా బుజ్జిగాణ్ణి అమ్మమ్మ దగ్గర ఉంచు.

మిగిలిన రంగు గాలి చొరని సీసాలో పోసి, షేడ్ నంబరు రాసి అటక మీద పెట్టుకో, మేకులు కొట్టిన చోట పనికొస్తుంది. ప్రైమర్ అయ్యాక పసుపు డబ్బా మూత తీయకముందే నాకో ఫోటో పంపు.

మీ బాబాయి