పాత కారు కొనబోతున్న మా మేనకోడలికి

బిడ్డా,

నువ్వు 2012 మోడల్ వ్యాగనార్ చూశావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ములుగులో రూము, తాడ్వాయి దగ్గర బడిలో ఉద్యోగం, బస్సు కోసం ఎదురుచూపులు. ఇన్నాళ్లూ పడ్డావు. మన ఇంట్లో సొంత జీతంతో కారు కొంటున్న మొదటి ఆడపిల్లవు నువ్వే. మా మెకానిక్ షెడ్డులో పిల్లలందరికీ చెప్పుకున్నా. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. పస్రా దాటితే అడవి, ఫోన్ సిగ్నలు ఉన్నచోట ఉంటుంది, లేనిచోట లేదు. అక్కడ బండి ఆగితే ఎట్లా అన్నదే నా టెన్షన్.

బ్రేకులు, లైట్లు, హారన్ సంగతి నీకు చెప్పనక్కరలేదు. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు చూడు: 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనదని. అరుగుదల కనిపించకపోయినా ఆరేడేళ్ల టైరును నమ్మకు. క్లచ్ పెడల్ బరువుగా ఉన్నా, యాక్సిలరేటర్ నొక్కితే ఇంజన్ అరుస్తూ బండి మాత్రం లేవకపోయినా క్లచ్ ప్లేటు అయిపోయినట్టే. గుంతల్లో ముందు నుంచి టకటక వస్తే ముందు చక్రాల దగ్గరి లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు అరిగాయని. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలించినప్పుడు టిక్ టిక్ అంటే చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ పోయిందని. ఇంత వయసు బండికి ఇవన్నీ మామూలే, బేరంలో తగ్గించుకో. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే మాత్రం ఇంజన్ ఆయిల్ తాగుతోందని అర్థం. ఆ బండి వద్దు. పాత 796 సీసీ ఆల్టోలో టైమింగ్ బెల్టు ఉండేది, దాన్ని టైముకు మార్చాల్సి వచ్చేది. నీ వ్యాగనార్‌లో చైను కాబట్టి ఆ బెంగ లేదు. పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు గలగల శబ్దం వస్తుందేమో విను, చాలు.

ఇక అసలు సంగతి. మీ నాన్నను అడిగే రాస్తున్నా. చెప్పెయ్యి, దానికి తెలియాలి అన్నాడు.

నాన్న కుడిచేతి మీద మచ్చ ఎట్లా వచ్చిందని చిన్నప్పుడు అడిగేదానివి. పెళ్లిలో సాంబారు పడిందని చెప్పేవాడు. అది సాంబారు కాదు. నువ్వు పుట్టకముందు బావ ఒక పాత కారు కొన్నాడు. ఎండాకాలంలో నిశ్చితార్థానికని పెళ్లికొడుకు వాళ్లను ఎక్కించుకుని ఏటూరునాగారం బయలుదేరాడు. చల్వాయి దాటేసరికి టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. చూశాడు. కానీ వెనక సీట్లో కొత్త చుట్టాలు, ముహూర్తానికి టైము అవుతోంది. మన కారు దారిలో ఆగిందంటే నవ్వుతారని లాగించాడు. కాసేపటికి ముల్లు దానంతట అదే కిందికి దిగింది. హమ్మయ్య అనుకున్నాడు. ముల్లు దిగింది ఇంజన్ చల్లబడి కాదు బిడ్డా, నీళ్లన్నీ కారిపోయి సెన్సారుకు తగిలేందుకు చుక్క మిగలక.

పస్రా దాటి అడవిలోకి పోయాక ఇంజన్ పట్టేసింది. బావ దిగి, రేడియేటర్ మూత మీద తువ్వాల వేసి తిప్పాడు. లోపల మిగిలిన ఆవిరి అంతా చేతి మీదికి చిమ్మింది. నేను లారీ ఎక్కి చేరుకునేసరికి చెట్టు కింద కూర్చుని ఉన్నాడు. చెయ్యి చూపించలేదు, ముందు బండి చూడు అన్నాడు. ఇంజన్ పైభాగం, అదే హెడ్, వంగిపోయింది, దాని కింద సీలులా ఉండే గ్యాస్కెట్ కాలిపోయింది, నీళ్లు ఆయిల్లో కలిసిపోయాయి. కారణం ఏమిటంటే, పగిలిన ఒక రబ్బరు హోస్ పైపు. ఆ బండి బాగు చేయించడానికి మీ అమ్మ గాజులు తాకట్టుకు పోయాయి.

టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పోయినా, ఎర్ర లైటు వెలిగినా, పక్కకు తీసి ఇంజన్ ఆపు. బడికి ఆలస్యమైనా, హెడ్మాస్టర్ కోప్పడినా, వెనక ఎవరు హారన్ కొట్టినా సరే. చల్లబడేదాకా మూత ముట్టుకోకు. రేడియేటర్లో ఉత్త నీళ్లు కాదు, కూలెంట్ ఉండాలి. మన దగ్గర వేడికి చాలామంది థర్మోస్టాట్, అంటే వేడిని బట్టి కూలెంట్‌ను రేడియేటర్లోకి వదిలే వాల్వు, తీసేయిస్తారు, అది తప్పు. కొనేటప్పుడు ఆయిల్ మూత విప్పి అడుగున చూడు, తెల్లటి నురగ జిగురు ఉంటే హెడ్ గ్యాస్కెట్ పోయిందేమో అనుమానించాలి. ఏసీ వేసి ఇంజన్ కొంతసేపు నడవనిచ్చి, రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతుందో లేదో చెవిపెట్టి విను. నిన్ను కసురుతున్నానని అనుకోకు తల్లీ.

ఇంకొకటి. 2020 ఆగస్టులో, 2023 జూలైలో వరంగల్ కాలనీల్లో నీళ్లు నిలిచాయి. అట్లా మునిగిన బండ్లను కడిగి, మెరుగు పెట్టి అమ్మేవాళ్లు ఉన్నారు. సీటు బెల్టును చివరిదాకా లాగు, బురద గీత దొరికిపోతుంది. సీటు కింద పట్టాలు తుప్పు పట్టాయా, కార్పెట్ ఎత్తితే ముక్కిన వాసన వస్తుందా చూడు. మునిగిన బండికి వైరింగ్ రోగం ఎప్పటికీ పోదు. ఎంత తక్కువకు ఇస్తామన్నా తీసుకోకు.

కాగితాల సంగతి మీ నాన్నకు బాగా తెలుసు. ఏపీ 36 నంబరు, 2012 రిజిస్ట్రేషన్ కాబట్టి 2027లో పదిహేనేళ్లు నిండుతాయి. ఆర్సీ రెన్యువల్, పాత బండ్ల మీద వేసే గ్రీన్ టాక్స్ ఖర్చు నీ మీదే పడుతుంది, అది ధరలో తగ్గించమను. ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని ఇచ్చే ఎన్‌వోసీ, పెండింగ్ చలాన్లు కట్టిన రసీదు, బండి నీ పేరు మీదికి మారేందుకు ఫారం 29, 30 మీద సంతకాలు. ఇవి లేకుండా తాళం చెవి అందుకోకు.

ఆదివారం పొద్దున్నే వస్తాను. నేను వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చెయ్యొద్దని బండి అమ్మే ఆయనకు ఫోన్ చేసి చెప్పు, చల్లగా ఉన్నప్పుడే రోగాలు బయటపడతాయి. నాన్నను కూడా తీసుకురా. అప్పటిదాకా అడ్వాన్సు ఒక్క రూపాయి ఇవ్వకు.

నీ మామ