బిట్టర్స్ వేయాలా, పోయాలా?

సందేహం: మాది ప్రకాశం జిల్లా, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. ఇంట్లో అప్పుడప్పుడూ విస్కీ సవర్ కలుపుతుంటాను, బిట్టర్స్ అనే ఘాటైన చేదు ద్రవం చేర్చి, చేదు బాగా తగిలేలా. ఎలా చేయాలో తెలుగులో రాసిమ్మని మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లు అడిగారు. 'రెండు చుక్కలు బిట్టర్స్ పోసి' అని రాస్తే, 'పోయడం ఏంటి, వేసి అనండి' అంది మా ఆవిడ. 'పుల్లటి విస్కీ' అన్నందుకు, పాడైపోయిన సరుకా అని మిత్రులు నవ్వారు. 'బిట్టర్స్ ఉంది' అనాలా, 'ఉన్నాయి' అనాలా? ఇంకొకటి. పక్కింటి కన్నడంవాళ్లు చేదును 'కహి' అంటారు. మన మాటకూ దానికీ చుట్టరికం ఉందా?

సమాధానం: మీ వాక్యం వరకూ మీ శ్రీమతి మాటే సరి. అయితే ఈ పానీయంలోనే ఇంకో రకం ఉంది. అక్కడ మీ 'పోసి' నెగ్గుతుంది.

ద్రవమైతే పోయాలి, ఘనమైతే వేయాలి అని చాలామంది అనుకుంటారు. వంటింట్లో కాసేపు నిలబడి వింటే ఆ సూత్రం నిలవదు. ఎసట్లో బియ్యం పోస్తాం. పప్పన్నంలో నెయ్యి వేస్తాం. తాలింపుకు మూకుట్లో నూనె వేస్తాం, గారెలకైతే అదే మూకుట్లో అదే నూనె పోస్తాం. కాబట్టి తేడా వస్తువులో లేదు, అది పడే తీరులో ఉంది. ధారగా, గుమ్మరించినట్టు పడితే పోయడం. చెంచాతోనో చిటికెడుతోనో చుక్కలుగానో పడితే వేయడం. 'నెయ్యి పోసి మరీ పెట్టారు' అంటే భోజనం పెట్టినవాళ్లను మెచ్చుకున్నట్టు. అక్కడ 'వేసి' అంటే ఆ మెప్పు కాస్తా పోతుంది. ఈ సూత్రానికీ లొంగనివి ఉన్నాయనుకోండి. అట్లు పోస్తాం, దోసెలు వేస్తాం. గరిటె ఒకటే, పెనమూ ఒకటే. అలాంటిచోట అలవాటుదే పెత్తనం.

ఇక మీ గ్లాసు సంగతి. మామూలు విస్కీ సవర్‌కు విస్కీ ఒక లార్జ్, అంటే 60 మిల్లీలీటర్లు. నిమ్మరసం, చక్కెర సిరప్ చెరో 20 నుంచి 25. ఇష్టమైతే ఒక గుడ్డు తెల్లసొన. ఇందులో బిట్టర్స్ వాటా బహు చిన్నది కాబట్టి వేయడమే. 2009లో బ్రూక్లిన్‌లోని క్లోవర్ క్లబ్ అనే బార్‌లో జుజెప్పే గొంజాలెజ్ ఈ లెక్కను తిరగేశాడు. అతని ట్రినిడాడ్ సవర్‌లో అంగోస్టురా బిట్టర్స్ ఏకంగా 45 మిల్లీలీటర్లు, రై అనే ధాన్యంతో చేసే విస్కీ 15 మాత్రమే. బాదం సిరప్ 30, నిమ్మరసం 22 దాకా. అది చేసేవాడు 'బిట్టర్స్ పోసి, కాస్త విస్కీ వేసి' అని రాయాలి. క్రియలు రెండూ చోట్లు మార్చుకున్నాయి. ఏది అసలు సరుకో, ఏది పైతగిలింపో కొలతలు చూడకముందే తెలిసిపోతుంది. ఇంగ్లిషు వంటకాల్లో రెంటికీ ఒకే క్రియ వాడి ఊరుకుంటారు. మనకు ఉన్న సదుపాయాన్ని ఎందుకు వదులుకోవాలి?

నిజానికి మీ వాక్యంలో అసలు తప్పు 'చుక్కలు'. దాన్ని మీ శ్రీమతి కూడా వదిలేశారు. అంగోస్టురా సీసాకు పసుపు మూత, సీసా కన్నా పెద్దదైన లేబుల్. కాగితం భుజాలు దాటి మెడ మీదికి లేచి ఉంటుంది. మూత తీస్తే సన్నని రంధ్రం ఉన్న బిరడా. సీసాను తలకిందులు చేసి ఒక్కసారి విదిలిస్తే పడేదాన్నే ఇంగ్లిషులో డాష్ అంటారు. అది మిల్లీలీటరుకు కాస్త తక్కువ. చుక్కలైతే మిల్లీలీటరుకు ఇరవై దాకా పడతాయి. మీ రాత నమ్మి, కంటిమందులా లెక్కపెట్టి రెండు చుక్కలు వేసినవాళ్లకు చేదు కాదు కదా, వాసన కూడా తగలదు. 'రెండుసార్లు విదిలించండి' అని క్రియతో చెప్పేయండి. ఇంగ్లిషులో నామవాచకం ఉంది గనక తెలుగులోనూ నామవాచకమే పెట్టాలన్న పట్టుదల మన వంటల రాతలకు చాలా చేటు చేసింది. మందు అన్నాను గనక చెబుతున్నాను: 1824లో వెనెజువెలాలోని అంగోస్టురా పట్టణంలో యోహాన్ సీగర్ట్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని కడుపు బాగు కోసమే తయారుచేశాడు. తెలుగులో 'మందు'కు ఉన్న రెండర్థాలూ ఒకే సీసాలో ఇమిడాయి.

'చక్కెర పాకం' అని మాత్రం రాయకండి. పాకం అనగానే మనవాళ్ల చెయ్యి తీగపాకం దాకా పోతుంది, ఐసు తగిలితే అది అడుగున గడ్డకడుతుంది. ఇక్కడ కావలసింది చక్కెర, నీళ్లు సమంగా కలిపి కరిగించినది. సిరప్ అంటే చాలు. షేకర్‌ను కుదుపుతాం. గిలకొట్టడం చెంచాతో చేసే పని. తెల్లసొన వేస్తే ముందు ఐసు లేకుండా ఒకసారి, తర్వాత ఐసుతో ఇంకోసారి కుదపాలి, అప్పుడే నురుగు నిలుస్తుంది.

'పుల్లటి విస్కీ'కి మీ మిత్రులు నవ్వడం న్యాయమే. మామిడికాయకు, చింతకాయకు పులుపు పుట్టుగుణం. కల్లుకో మజ్జిగకో 'పుల్లటి' చేర్చామంటే అది నిలవ ఉండి పులిసిందని అర్థం. విస్కీని మన చెవి కల్లు పక్కనే కూర్చోబెడుతుంది. మన విస్కీ సీసాల మీద 42.8 శాతం ఆల్కహాల్ అని ఉంటుంది, అది పులిసే ప్రసక్తే లేదు. అయినా మాటకు ఆ వాసన తప్పదు. పేరు విస్కీ సవర్ అనే ఉంచి, వివరించాల్సివస్తే 'నిమ్మరసం కలిపిన విస్కీ' అనండి.

వచనం గురించి. పాలు విరిగాయి, నీళ్లు మరిగాయి, కానీ కల్లు పులిసింది. చివర 'లు' వినబడినా కల్లు ఏకవచనమే. సారా, బ్రాందీ, సోడా, కాఫీ అన్నీ ఆ బంతిలోవే. పాలకూ నీళ్లకూ అనాదిగా ఉన్న బహువచన హోదాను కొత్తగా వచ్చిన ద్రవాలకు మనం ఇవ్వడం లేదు. కాబట్టి 'బిట్టర్స్ ఉంది', 'బిట్టర్స్ అయిపోయింది'. చివరి 'స్' ఇంగ్లిషువాళ్ల లెక్క, మనకు పట్టింపు లేదు.

కహి, చేదు చుట్టాలే. పాత ద్రావిడ పదాల మొదట్లోని 'క' కొన్ని అచ్చుల ముందు తెలుగులో 'చ' అయింది, కన్నడంలో అలాగే ఉండిపోయింది. మీకు దగ్గర్లోనే ఉన్న బెళ్లందూరు కెరెలోని కెరె మన చెరువే. కివి మన చెవి. కై మన చెయ్యి అయిన దారిలోనే చేదు కూడా వచ్చింది. తమిళ 'కైప్పు' కూడా ఈ ఇంటిదే. పక్కింటివాళ్లకు గ్లాసు అందించేటప్పుడు 'స్వల్ప కహి ఇదె' అనండి, సరిపోతుంది.