ఇంకా సెటిల్ కాలేదా అంటున్నారు, ఫ్లాట్ కొనేయమంటారా?

ప్రశ్న: నా వయసు 41. హైదరాబాద్‌లో ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, చేతికి 95 వేలు వస్తుంది. నా భార్య స్కూల్లో టీచర్, జీతం 22 వేలు. పాపకు 8 ఏళ్ళు, బాబుకు 4. మియాపూర్‌లో 18 వేల అద్దె ఇంట్లో ఉంటున్నాం. అద్దెతో సహా నెల ఖర్చు 75 వేలు. ఎఫ్‌డీలు 9 లక్షలు, మ్యూచువల్ ఫండ్లు 6 లక్షలు, సూర్యాపేటలో 20 లక్షలు చేసే ప్లాటు ఉన్నాయి. అప్పుల్లేవు. రెండేళ్ళ కింద నాన్నకు బైపాస్ అయితే నాలుగున్నర లక్షలు నేనే కట్టాను, ఎవర్నీ అడగలేదు. మొన్న దసరాకు అత్తగారింటికి వెళ్తే అంతా మా తోడల్లుడు తెల్లాపూర్‌లో కొన్న త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్ గురించే మాటలు. నన్ను మాత్రం "ఇంకా సెటిల్ కాలేదా?" అన్నారు. జీవితంలో వెనకబడిపోయానని టెన్షన్‌గా ఉంది. ప్రీలాంచ్‌లో, అంటే అధికారికంగా అమ్మకాలు మొదలుకాకముందే, కోటీ పది లక్షల ఫ్లాట్ ఉందని ఒక ఏజెంటు వెంటపడుతున్నాడు. ఉన్నవన్నీ అమ్మి, 80 లక్షలు లోన్ తీసుకుని కొనేయమంటారా?

మియాపూర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: వద్దండీ. సెటిల్ అవ్వడం గురించి తర్వాత మాట్లాడదాం, ముందు లెక్క చూద్దాం.

80 లక్షలకు 8 శాతం వడ్డీ, 20 ఏళ్ళ గడువు అనుకుంటే ఈఎంఐ దాదాపు 66,900. మీ ఖర్చులోంచి అద్దె తీసేస్తే 57 వేలు. దానికి ఈఎంఐ కలపండి, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ ఓ నాలుగున్నర వేలు కలపండి. లక్షా 28 వేలు దాటింది. మీ ఇద్దరి జీతాలు కలిపి లక్షా 17 వేలు. ఇంట్లో ఎవరికీ జ్వరం రాని నెలలో కూడా 11 వేలు తక్కువ పడతాయి. ఇది ఫ్లాట్ చేతికొచ్చాక లెక్క. కట్టడం పూర్తయ్యేదాకా అద్దె ఎలాగూ తప్పదు. 20 ఏళ్ళలో బ్యాంకుకు కట్టేది కోటీ 60 లక్షలు, అంటే అప్పు ఎంతో వడ్డీ కూడా అంతే. చివరి ఈఎంఐ నాటికి మీకు 61.

చేతిలో ఉన్నదీ చాలదు. లోన్ పోగా మీరు పెట్టాల్సింది 30 లక్షలు. కట్టుబడిలో ఉన్న ఫ్లాటు కాబట్టి 5 శాతం జీఎస్టీ, రిజిస్ట్రేషన్‌కు తెలంగాణలో మొత్తం 7.5 శాతం. ఈ రెండూ కలిపి ఇంకో 13 లక్షల 75 వేలు. ప్లాటు, ఎఫ్‌డీలు, ఫండ్లు అన్నీ ఊడ్చినా మీ దగ్గరున్నది 35 లక్షలే. కప్‌బోర్డులు, ఫ్యాన్ల దాకా మనమింకా రాలేదు.

ఇక టెన్షన్ సంగతి. నా దగ్గరకు వచ్చే ప్రతివాళ్ళనీ ఒకటి అడుగుతాను: రేపు జీతం ఆగిపోతే ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుంది? మీ ఎఫ్‌డీలు, ఫండ్లు కలిపి 15 లక్షలు, నెల ఖర్చు 75 వేలు. ప్లాటు ముట్టుకోకుండా, మీ భార్య జీతం కలపకుండా, 20 నెలలు. ఒకసారి భార్యాభర్తలిద్దరిదీ కలిపి మూడున్నర లక్షల జీతం ఉన్న ఇంటికి ఇదే లెక్క వేస్తే నెలన్నర వచ్చింది. వాళ్ళ గృహప్రవేశంలో భోజనం చేసినవాళ్ళంతా వాళ్ళు సెటిల్ అయ్యారనే అనుకుని ఉంటారు. మీరడిగిన ఫ్లాట్ కొంటే మీ 20 నెలలు సున్నా అవుతాయి.

నాన్నగారి ఆపరేషన్ సంగతి మీరు ఒక్క ముక్కలో రాసి దాటేశారు. నేను మాత్రం అక్కడే ఆగాను. హాస్పిటల్ కౌంటర్ దగ్గర నిలబడి ఎవరికి ఫోన్ చేయాలా అని నంబర్లు వెతికేవాళ్ళని చాలామందిని చూశాను. గాజులు తీసుకెళ్ళి కుదవ పెట్టి వచ్చినవాళ్ళూ తెలుసు. మీరు కార్డు ఇచ్చి, బిల్లు కట్టి, నాన్నని ఇంటికి తెచ్చుకున్నారు. నా లెక్కలో మీ జీవితంలో ఇప్పటిదాకా జరిగిన పెద్ద విజయం అదే. కానీ దసరా భోజనాల దగ్గర దాని ఊసు ఎవరు ఎత్తుతారు? ఫ్లాటుకు బాల్కనీ ఉంటుంది, ఫొటో తీసి గ్రూపులో పెట్టొచ్చు. ఎఫ్‌డీ రసీదు బీరువాలో ఉంటుంది.

మీ తోడల్లుడుగారు తప్పు చేశారని నేననను. ఆయన ఈఎంఐ ఎంతో, మొదట కట్టిన డబ్బు ఏ పొలం అమ్మితే వచ్చిందో మీరూ రాయలేదు, బహుశా మీకూ చెప్పి ఉండరు. తెలియని లెక్కతో మన లెక్క పోల్చుకుంటే ఎవరికైనా నిద్ర పట్టదు.

ఈ జబ్బు నాకూ వచ్చి పోయింది. డబ్బు సలహాలు చెప్పే ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో, స్కూటర్ మీద వెళ్తే క్లయింట్లు నమ్మరేమోనని ఐదేళ్ళ లోన్ మీద కారు కొన్నాను. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు. ఆ ఐదేళ్ళూ ఊరందరికీ సిప్ (నెలనెలా ఫండ్లలో కొంత పెట్టడం) చేయండని చెబుతూ నా సిప్ మాత్రం ఆపేసుకున్నాను. ఒక్క క్లయింటైనా కిందికి దిగి నా కారు చూసిన గుర్తు లేదు.

అలాగని సొంతిల్లు వద్దనడం లేదు. అప్పు లేనివాడే అధిక సంపన్నుడు అంటారు గానీ నేను అంత దూరం వెళ్ళను. జీతగాడు లోన్ లేకుండా ఇల్లు కొనడం ఈ రోజుల్లో అయ్యే పని కాదు. మీకు ఇల్లు నిజంగా కావాలంటే లోన్ 40 లక్షలు దాటనివ్వకండి. 15 ఏళ్ళకు ఈఎంఐ దాదాపు 38,200, మీ 56వ ఏట తీరిపోతుంది. బాచుపల్లి, అమీన్‌పూర్ వైపు 58 లక్షల్లోపు పాత ఫ్లాట్లు చూడండి. కట్టి పూర్తయినవాటికి జీఎస్టీ ఉండదు. ప్లాటు అమ్మాల్సి వచ్చినా, రిజిస్ట్రేషన్ పోగా మీ చేతిలో ఇంకో 12 లక్షలు మిగలాలి. ఆ డబ్బు జోలికి వెళ్ళకండి. అద్దె ఇల్లే హాయిగా ఉందనుకుంటే అలాగే ఉండండి, నెలకు మిగిలే 42 వేలల్లో సగం పైగా ఫండ్లలోకి వెళ్ళేలా చూసుకోండి.

ఫ్లాట్ కంటే ముందు చేయాల్సిన పనులు మీకు రెండున్నాయి. మీ ఉత్తరంలో ఇన్సూరెన్స్ మాటే లేదు. కనీసం కోటి రూపాయల టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బు వచ్చేది), ఆఫీసు ఇచ్చేది కాకుండా కుటుంబానికి సొంత హెల్త్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. ఆఫీసు పాలసీ ఉద్యోగంతో పాటే పోతుంది. రెండోది, పాపకు పదేళ్ళు నిండేలోపే ఆడపిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన పొదుపు పథకం, సుకన్య సమృద్ధి ఖాతా తెరవాలి, ఆ తర్వాత తెరవనివ్వరు. ఇప్పుడున్న వడ్డీ 8.2 శాతం, ఏడాదికి లక్షన్నర దాకా కట్టొచ్చు. పోస్టాఫీసులో గంట పని.

ఏజెంటు మళ్ళీ ఫోన్ చేస్తాడు, "ఈ వారమే ఆఫర్" అంటాడు. రెరా నంబరు చెప్పమనండి, అంటే రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను నియంత్రించే ప్రభుత్వ సంస్థ దగ్గర ఆ ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ నంబరు. రెరా పరిధిలోకి వచ్చే ప్రాజెక్టులో రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క ఫ్లాట్ కూడా అమ్మకూడదు, ప్రకటన కూడా వేయకూడదు. నంబరు ఉన్నా, అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఈ రెండు ముక్కలూ నేను చాలామంది చేత అడిగించాను. వాళ్ళలో ఎవరికీ రెండో ఫోన్ వచ్చినట్టు లేదు.