పంటి రంగు ఫిల్లింగ్ తర్వాత నమిలితే నొప్పి: సమాధానం

పర్లాకిమిడి సోదరి గారికి నమస్కారం. దవడ పంటికి కాంపోజిట్ (పంటి రంగు) ఫిల్లింగ్ పెట్టించుకొని పది రోజులైనా నమిలినప్పుడు జివ్వుమంటోందని, దాన్ని తీయించి వెండి ఫిల్లింగ్ పెట్టించాలా అని అడిగారు.

దయచేసి తొందరపడి తీయించకండి. ఫిల్లింగ్ కాస్త ఎత్తుగా ఉండిపోయినా ఇలాగే నొప్పి పెడుతుంది. డాక్టరు గారు రంగు కాగితం కొరికించి, గుర్తు పడిన చోట అరగదీస్తే చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గుతుంది. బరంపురంలో నాకు అలాగే తగ్గింది.

తగ్గకపోతే అంచులు చూపించుకోండి. రెసిన్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం), గాజు రేణువులు కలిసిన ఈ పదార్థం నీలి కాంతికి గట్టిపడుతూ కొద్దిగా కుంచించుకుపోతుంది కనుక, సాధారణ రకాన్ని సుమారు 2 మిల్లీమీటర్ల పొరలుగా, ఉమ్మి తగలనివ్వకుండా వేయాలి. లేకుంటే పంటికీ ఫిల్లింగ్‌కీ మధ్య సందు ఏర్పడవచ్చు. నమలకుండానే నొప్పి వచ్చినా, రాత్రి నిద్ర పట్టనివ్వకపోయినా, పంటి నరం దెబ్బతిని ఉండవచ్చు కనుక వెంటనే వెళ్లండి.