కంట్రోల్ కణాలే అనెక్సిన్ పాజిటివ్ వస్తుంటే

మందు వేయని కంట్రోల్‌లోనే పాతిక శాతం కణాలు అనెక్సిన్-5 పాజిటివ్ వస్తున్నాయని మీరన్నారు. (మామూలుగా కణం పొర లోపలి వైపుండే ఫాస్ఫాటిడైల్‌సెరిన్ అనే కొవ్వు, కణం చస్తున్నప్పుడు బయటి వైపుకి వస్తుంది. అనెక్సిన్-5 దానికి అతుక్కునే ప్రోటీన్. దానికి పచ్చగా వెలిగే రంగు తగిలించి వాడతాం.) ఒక్కో కణంలో పొర ఎప్పుడు ఇలా మారుతోందో ఎలా కొలవాలనీ అడిగారు.

మొదటిదానితో నేనూ రెండు వారాలు టెన్షన్ పడ్డాను. మందును, కిట్‌ను అనుమానించాను. తప్పంతా నా పిపెట్‌ది. కణాల్ని ప్లేట్ నుంచి ఊడదీసే ట్రిప్సిన్ ఎంజైమ్‌లో ఎక్కువసేపు ఉంచేసి, కణాలు విడిపోవాలని గట్టిగా పైకీ కిందికీ లాగేవాణ్ని. పొర చిరిగితే అనెక్సిన్ లోపలికి దూరి, లోపలి వైపున్న ఫాస్ఫాటిడైల్‌సెరిన్‌కే అతుక్కుంటుంది. ఆ కణాల్లో పీఐ (పొర చిరిగిన కణాల్లోకే దూరి కేంద్రకాన్ని ఎర్రగా చేసే రంగు) కూడా ఎక్కువుంటే ముందు మీ చేతినే అనుమానించండి. దీనికి తలకిందుల తప్పు, ట్రిప్సిన్‌తో పాటు వాడే ఈడీటీఏ అనే రసాయనాన్ని సరిగా కడగకపోవడం. అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, కాల్షియం లేనిదే అనెక్సిన్ అంటుకోదు. అప్పుడు చస్తున్న కణాలూ నెగటివ్‌గా వస్తాయి.

ఇక రెండోది. ఫ్లో సైటోమెట్రీలో (కణాల్ని ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పంపి కొలిచే పద్ధతి) ఒక కణం ఒక్కసారే కనబడుతుంది. అందుకే నేను మైక్రోస్కోప్‌కి మారాను: మీడియంలోనే అనెక్సిన్, పీఐ కలిపేసి పది నిమిషాలకో ఫొటో. ఇక్కడా కాల్షియం చూసుకోవాలి. కణాల్ని పెంచే మీడియాల్లో డీఎంఈఎంలో 1.8 మిల్లీమోలార్ ఉంటుంది, ఆర్‌పీఎంఐ 1640లో 0.42 మాత్రమే. మొదట ఆర్‌పీఎంఐలో చేసి, ఏమీ వెలగట్లేదని తల పట్టుకున్నాను. కాల్షియం క్లోరైడ్ కొంచెం కలపండి. ఎక్కువైతే ఫాస్ఫేట్‌తో కలిసి తెల్లగా అడుగున పేరుకుంటుంది.

నా వీడియోలో ఒక కణం మూడో గంటలో, దాని పక్కదే పదకొండో గంటలో పోయాయి. ముందు ముడుచుకుని బుడగలు తేలాయి. ఒక బుడగ అంచున పచ్చటి గీత మొదలై, రెండు ఫొటోల్లో చుట్టూ తిరిగింది. కేంద్రకం ఎర్రబడింది చాలాసేపటి తర్వాత. (ఒంట్లో అయితే అంతసేపు ఉండనివ్వవు, మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాలు మింగేస్తాయి.) పచ్చదనాన్ని అంచు వెంబడే కొలవండి. కణం ముడుచుకుంటే మొత్తం సగటు ఊరికే పెరిగినట్టు కనిపిస్తుంది. ప్రతి కణానికీ దాని మొదటి ఫొటోలనే బేస్‌లైన్‌గా పెట్టి, పచ్చబడిన క్షణాన్ని సున్నా అనుకుని అన్ని కణాల గీతల్నీ ఒకదానిమీద ఒకటి పేర్చండి.

పచ్చ గీత వచ్చిందని అపాప్టోసిస్ (కణం ముడుచుకుని తనంతట తానే చచ్చే పద్ధతి) అని రాసేయకండి, నెక్రాప్టోసిస్‌లోనూ (చివరికి పొర చిరిగిపోయే ఇంకో రకం చావు) పొర చిరగకముందే అది వస్తుంది. కాస్పేజ్‌లను (అపాప్టోసిస్‌ను నడిపే ఎంజైమ్‌లు) ఆపే మందు వేసిన వెల్ (ప్లేట్‌లోని గుంట) ఒకటి పక్కన ఉంచండి. ఫెరాప్టోసిస్ (పొరలోని కొవ్వులు ఆక్సీకరణ చెంది వచ్చే చావు) అనుమానమైతే చూడాల్సింది లిపిడ్ల ఆక్సీకరణ. దానికి సీ11-బోడిపీ అనే, ఆక్సీకరణతో ఎరుపు నుంచి ఆకుపచ్చకి మారే రంగు వాడి, ఎరుపు ఎంత తగ్గి ఆకుపచ్చ ఎంత పెరిగిందో నిష్పత్తి తీయండి.