టెక్ సందేహాలు: క్వారంటైన్ ఎప్పుడో అయిపోయింది, యాప్ ఇంకా కాపలా కాస్తోంది

ప్రశ్న: మహమ్మారి రోజుల్లో నేను పనిచేసిన సంస్థ వాట్సాప్‌లో ఒక ఫైల్ పంపి, ఐసొలేషన్‌లో ఉన్నన్నాళ్లూ ఆ యాప్ ఫోన్లో ఉండాల్సిందేనంది. రోజూ సెల్ఫీ, లొకేషన్ పంపేదాన్ని. ఆ పాత ఫోన్‌ను ఇప్పుడు నాన్నగారికిద్దామని తీస్తే యాప్ ఇంకా నడుస్తోంది. తీసేద్దామంటే అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయడం లేదు. అలాగే వదిలేస్తే నష్టమా?

నష్టమే. ఇలాంటి ఉత్తరం ఇదొక్కటే అయితే రెండు ముక్కల్లో తేల్చేసేవాణ్ని. ఫోన్లు మారుతున్నాయి, యాప్ పేర్లు మారుతున్నాయి, ఫిర్యాదు మాత్రం అదే.

బటన్ పనిచేయలేదంటే ఆ యాప్‌కి మీరు డివైస్ అడ్మిన్ హక్కు, అంటే ఫోన్ మీద పెత్తనం, ఇచ్చి ఉంటారు. అడిగిన ప్రతిదానికీ ‘అనుమతించు’ నొక్కుకుంటూ పోయారన్నమాట. జ్వరంతో పడుకున్న మనిషిని ఏమనగలం? కానీ సెల్ఫీ తీసుకోవడానికి ఫోన్ మీద అడ్మిన్ హక్కు ఎందుకో ఆ యాప్ రాసినవాళ్లు చెప్పాలి. సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ అని వెతికి, ముందు ఆ హక్కు తీసేయండి. యాప్ లోపల ఖాతా తొలగించే వీలుంటే అన్‌ఇన్‌స్టాల్ కంటే ముందే ఆ పని చేయండి. ఫోన్లోంచి యాప్ పోయినంత మాత్రాన సర్వర్‌లో ఉన్న మీ సెల్ఫీలు పోవు. నాన్నగారికి ఇచ్చేముందు ఎలాగూ ఫ్యాక్టరీ రీసెట్ చేస్తారనుకుంటాను.

పాత సంస్థ ఇంకా మిమ్మల్ని గమనిస్తోందేమోనని మీ భయం. అవతల అసలు ఎవరూ లేకపోవచ్చని నా భయం. యాప్ తయారుచేసినప్పుడు ఒక డొమైన్ పేరు (ఇంటర్నెట్‌లో చిరునామా) తీసుకుని, లొకేషన్ అక్కడికి పంపమని అందులో రాసిపెడతారు. డొమైన్ సొంత ఆస్తి కాదు, అద్దె కొంప. అద్దె కట్టడం మానేస్తే కొన్నాళ్లకు ఎవరైనా దిగిపోవచ్చు. ప్రాజెక్టు ముగిసింది, రాసిన కుర్రాళ్లు వేరే ఉద్యోగాలకు వెళ్లిపోయారు, రెన్యువల్ మెయిల్ ఎవరూ తెరవని ఇన్‌బాక్స్‌లో పడింది. ఆ పేరు కొత్తగా కొన్నవాడికి దాని మీద నికార్సయిన సర్టిఫికెట్ (ఈ చిరునామా నాదేనని చూపే డిజిటల్ గుర్తింపు) కూడా దొరుకుతుంది కాబట్టి మీ ఫోన్‌కి అనుమానం రాదు. యాప్ మాత్రం మునుపటంత శ్రద్ధగా మీరెక్కడున్నారో చెబుతూనే ఉంటుంది, వినేవాడే మారాడు. సర్టిఫికెట్ పిన్నింగ్ చేసిన యాప్, అంటే ముందే ఖాయం చేసిన సర్టిఫికెట్‌ని తప్ప మరోదాన్ని నమ్మని యాప్ అయితే అక్కడ మొరాయిస్తుంది. హడావిడిగా రాసి పంచిపెట్టిన యాప్‌లో అంత జాగ్రత్త ఉంటుందని నేను పందెం కాయను. పైగా ఫైల్‌గా వచ్చినదానికి అప్‌డేట్ పంపే దిక్కుండదు, ప్రమాదకరమని వెనక్కి తీసుకునే స్టోరూ ఉండదు.

ఐసొలేషన్‌కి ఇన్ని రోజులని లెక్క ఉంది కదా, దాన్ని కాపలా కాసే యాప్‌కి ఎందుకు లేదు? గడువు పెట్టడం చేతకాని పనేమీ కాదు. 2020 మేలో ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటిలోకీ వచ్చిన ఎక్స్‌పోజర్ నోటిఫికేషన్ పద్ధతినే చూడండి, పాజిటివ్ వ్యక్తికి దగ్గరగా ఉంటే హెచ్చరించేది. ఫోన్లు ఒకదానికొకటి ఇచ్చుకునే కోడ్ పది, ఇరవై నిమిషాలకోసారి మారిపోయేది. విన్న కోడ్‌లు ఫోన్లోనే ఉండి, 14 రోజులు దాటితే చెరిగిపోయేవి. ఎవరూ గుర్తుపెట్టుకుని తుడవక్కర్లేదు. నార్వే తన మొదటి యాప్‌లో జీపీఎస్ వివరాలను కూడా ఒకేచోట పోగేసింది. డేటా రక్షణ సంస్థ అభ్యంతరం చెప్పడంతో 2020 జూన్‌లో దాన్ని ఆపి, పోగైనదంతా తుడిచేసింది. సింగపూర్ కథ ఇంకోరకం. అక్కడి యాప్ ట్రేస్‌టుగెదర్ వివరాలు కాంటాక్ట్ ట్రేసింగ్‌కి, అంటే రోగి ఎవరెవర్ని కలిశాడో వెతకడానికి తప్ప దేనికీ వాడబోమని జనానికి చెప్పారు. నేర దర్యాప్తులో పోలీసులు కూడా వాటిని అడిగి తీసుకోవచ్చని 2021 జనవరిలో పార్లమెంటులో బయటపడింది. గొడవయ్యాక, ఏడు రకాల తీవ్ర నేరాలకే పరిమితం చేస్తూ మరుసటి నెల చట్టం తెచ్చారు. అంటే మాట ఇచ్చినప్పుడు ఆ మాటకి చట్టం కాపలా లేదు.

ప్రశ్న: అప్పట్లో ఐసొలేషన్‌లో గది గడప దాటలేదు. అయినా ‘పాజిటివ్ వ్యక్తికి దగ్గరగా ఉన్నారు’ అని హెచ్చరిక వచ్చింది. ఫోన్ హ్యాక్ అయిందా?

కాలేదు. గోడకి ఇవతల మీ మంచం, అవతల పొరుగువారి మంచం ఉండి ఉంటాయి. ఆ యాప్‌లు వాడిన బ్లూటూత్ దూరాన్ని కొలవదు. వచ్చిన సిగ్నల్ ఎంత నీరసంగా ఉందో చూసి దూరాన్ని ఊహిస్తుంది. వైరస్ దాటలేని గోడను సిగ్నల్ దాటేస్తుంది. తిరగేసి చూస్తే ఇంకా తమాషా: ఆ తరంగాలను నీరు పీల్చుకుంటుంది, మన ఒళ్లేమో సగానికి పైగా నీరు. వెనక జేబులో ఫోన్ పెట్టుకుని ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు యాప్ దృష్టిలో దూరపు చుట్టాలు. డబ్లిన్ ట్రినిటీ కాలేజీ పరిశోధకులు 2020లో ట్రామ్‌లో మనుషుల్ని కూర్చోబెట్టి పరీక్షించారు. రెండు మీటర్ల లోపు ఉన్నవాళ్లు బోలెడంత మంది ఉన్నా జర్మనీ, స్విట్జర్లాండ్ యాప్‌ల లెక్క ప్రకారం ఒక్క హెచ్చరికా రాలేదు. లోహపు పెట్టెలో సిగ్నల్ అటూ ఇటూ కొట్టుకుంటుంది మరి.

ప్రశ్న: మళ్లీ మహమ్మారి వస్తే ఏ యాప్ వేసుకోవాలి?

ఈ ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పను. మహమ్మారి అనగానే యాప్ గుర్తురావడమే నాకు నచ్చదు. ట్రేసింగ్ అంటే ఓపికున్న మనిషి ఫోన్ చేసి, ఎవరెవర్ని కలిశారో అడిగి, వాళ్లకీ ఫోన్ చేయడం. అందులో కంప్యూటర్‌కి ఉన్న పనల్లా జాబితా సరిగా అందించడం. 2020 శరదృతువులో ఇంగ్లండ్ అది కూడా చేయలేకపోయింది. పరీక్షల ఫలితాలను 65,536 వరసలకు మించి పట్టని పాతకాలపు స్ప్రెడ్‌షీట్ ఫార్మాట్లోకి ఎక్కించారు. షీటు నిండాక మిగతావి చప్పుడు లేకుండా రాలిపోయాయి. అలా 15,841 పాజిటివ్ కేసులు లెక్కలోకి రాలేదు. రోగులకు తమ ఫలితం తెలిసింది, వాళ్లు కలిసినవాళ్లకు మాత్రం వెళ్లాల్సిన ఫోన్లు ఆలస్యమయ్యాయి. నిండిపోయానని ఒక్క ఎర్ర అక్షరం చూపించని సాఫ్ట్‌వేర్‌ని ఏమనాలి? కొత్త యాప్ కోసం ఎదురుచూసేవాళ్లు ముందు ఇలాంటి జాబితాల సంగతి అడగండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను. 2020 జూన్‌లో కెనడా ప్రభుత్వం ట్రేసింగ్ యాప్ తెస్తామని ప్రకటించిన కొద్ది రోజులకే దాని వేషంలో క్రైక్రిప్టర్ అనే రాన్సమ్‌వేర్ (ఫోన్లోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే ప్రోగ్రామ్) దిగింది. అసలు యాప్ అప్పటికింకా రానేలేదు. లింకో ఫైలో పంపి వేసుకోమంటే వేసుకోకండి, పంపింది మీ ఆఫీసు గ్రూపే అయినా సరే.